జలగ జాతి యెరుంగక మందు పోయుట తగునా?

వానలు వెనుకబట్టి, చెరువుల అంచులు పచ్చగ బయటపడు దినములలో మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పల్లెలయందు ఒక మాట తరచు వినబడుచుండును. “నట్టల మందు పోసితిమి గాని జీవము తేరుకొనలేదు” అనునదియే యా మాట. గేదె పాలు తగ్గినది, గొఱ్ఱెకు దవడ క్రింద నీరు దిగినది, దూడ పారుచున్నది. రైతు అంగడికి పోయి, చేతికందిన నట్టల మందు తెచ్చి గొట్టముతో పోయును. కొన్ని జీవములు తేరుకొనును; కొన్ని తేరుకొనవు. తేరుకొననప్పుడు మందు కల్తీ యనియో, డాక్టరు హస్తవాసి మంచిది కాదనియో, తుదకు నుదుటి వ్రాత యనియో చెప్పుకొందురు. ఈ మూడింటిలో నేదియు గాని నాలుగవ కారణ మొకటి కలదు. పోసిన మందు మంచిదే. కాని లోపలనున్న పురుగు ఆ మందునకు చచ్చునది కాదు.

నా యభిప్రాయమును ముందుగనే చెప్పెదను. ప్రతి సహకార సంఘమును తన పరిధిలోని పశువులను పీడించు జలగ యే జాతిదో సంవత్సరమున కొకమారు శాస్త్రజ్ఞులచే నిర్ణయింపజేసికొని, ఆ పిదపనే యూరంతటికిని ఒక్కమారుగ మందు పోయింపవలెను. అట్లు నిర్ణయించుటకు నేడు జన్యుపరీక్ష యను సాధనము మనకు కలదు. ఇది పట్టణవాసుల వినోదము కాదు. ఒక్కొక్క రైతునకు భారమైనదే యైనను సంఘమునకు భారము కాదు. ఈ మాట యెంతవరకు సబబో చదువరులే విచారింతురు గాక.

జలగలు మూడు తెగలు

“జలగ” యను పేరే మొదట మనలను త్రోవ తప్పించుచున్నది. చెరువులో కాలిని పట్టి రక్తము పీల్చు జలగ వేరు; పశువు లోపల నుండు జలగ వేరు. నీళ్లు త్రాగునప్పుడు చెరువు జలగ లోపలికి పోయి కార్జమున కాపురము పెట్టునని మన పెద్దలు తలంచిరి. ఆకారమున కొంత పోలిక యుండుటచే అట్లు తలంచుట సహజమే గాని, ఆ రెంటికిని ఏ చుట్టరికమును లేదు. లోపలి జలగలు సయితము ఒక్క తెగవి కావు. ముఖ్యముగ మూడు తెగలు.

మొదటిది కార్జపు జలగ. ఇది ఆకువలె పలుచనై, కార్జములోని పిత్తనాళములందు నివసించును. కార్జమును కోసినప్పుడు నాళములు గట్టిపడి గొట్టములవలె కనబడుట దీని గుర్తు. పశువు క్రమముగ చిక్కిపోవును; పాలు తగ్గును; ఎదకు వచ్చుట ఆలస్యమగును; రక్తము పలుచనై దవడ క్రింద నీరు దిగును. ఈ నీటివాపును చూచి గొంతువాపు రోగమని భ్రమపడి, దానికి చేయవలసిన వైద్యము దీనికి చేయువారును కలరు. గొంతువాపు జ్వరముతో ఒకటి రెండు దినములలో ప్రాణము తీయు రోగము; జలగ నెలల తరబడి పీల్చి తీయునది.

రెండవది పొట్ట జలగ. ఇది గులాబి వన్నెతో దానిమ్మ గింజవలె బలిసి, పెద్ద పొట్ట గోడను పట్టుకొని యుండును. ఎదిగిన జలగ చేయు కీడు స్వల్పము. దాని పిల్లలు మాత్రము మొదట చిన్న ప్రేగునందు చేరి, ప్రేగు గోడను గాయపరచి, దుర్గంధముతో కూడిన పారుడు కలిగించి, గొఱ్ఱెపిల్లలను దూడలను చంపును. మూడవది రక్తపు జలగ. ఇది సన్నని దారపు పోగువలె నుండి రక్తనాళములలోనే సంచరించును. వీనిలో నొక జాతి పశువు ముక్కులోని నాళములందు చేరి గురక పుట్టించును.

ఇప్పుడు మందుల సంగతి చూడుడు. మన అంగళ్లలో విరివిగ దొరకు ఫెన్‌బెండజోల్ గుండ్రని నట్టలకు మంచి మందు. సాధారణపు మోతాదులో జలగల నేమియు చేయజాలదు. ఆల్బెండజోల్ హెచ్చు మోతాదున ఎదిగిన కార్జపు జలగను చంపును గాని, కార్జమును తొలుచుచున్న పిల్ల జలగను చంపదు. పైగా చూలుతోనున్న గొఱ్ఱెలకు తొలి దినములలో పోసినచో పిండమునకు కీడు. ట్రైక్లాబెండజోల్ కార్జపు జలగను పిల్లను పెద్దను గూడ చంపును. కాని పొట్ట జలగపై దానికి పనిలేదు. ఆక్సిక్లోజనైడ్ పొట్ట జలగకును, ఎదిగిన కార్జపు జలగకును పనిచేయును. కార్జమును తొలుచు పిల్లలకు చాలదు. రక్తపు జలగకు ఇవి యేవియు గాక ప్రాజిక్వాంటెల్ వంటి వేరు మందు కావలెను. ఇట్లుండగా “నట్టల మందు” అని ఒక్క పేరుతో అడిగి, ఒక్క సీసాతో మంద కంతటికిని పోయుట, తాళములు మూడు వేరువేరుగ నుండగా ఒక్క చెవితో తలుపులన్నియు తెరువ జూచుట వంటిది.

నీరు తెచ్చిన భాగ్యము, నీరు తెచ్చిన పురుగు

మన ప్రాంతమున ఈ విచారము మరింత అవసరమగుటకు కారణము నీరు. 1963 నాటికి సోలిపేట వద్ద మూసీ ఆనకట్ట పూర్తియై సూర్యాపేట వైపు పొలములకు నీరందినది. 1967లో నాగార్జునసాగరము నీరు ఎడమ కాలువలో ప్రవేశించి మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల మెట్టభూములను మాగాణము చేసినది. జొన్న పండిన నేల వరి పండుచున్నది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపొందినది. ఇది మన పూర్వుల కలలో లేని భాగ్యము. కాని కాలువతోపాటు ఊటనీరు, పిల్లకాలువలు, ఎండని మడుగులు వచ్చినవి. అవి నత్తలకు నివాసములు. నత్త లేనిదే జలగ లేదు.

జలగ జీవితమును సంగ్రహముగ చెప్పెదను. పశువు పేడతో జలగ గ్రుడ్లు నేలబడును. అవి నీట బడినచో రెండు మూడు వారములలో పగిలి, కంటికి కనబడని పిల్లలు ఈదుచు బయలువెడలును. ఆ పిల్ల ఒకటి రెండు దినములలో తనకు తగిన నత్తను పట్టుకొనవలెను, లేనిచో చచ్చును. నత్త లోపల అది ఒకటి పదులై, పదులు వందలై వృద్ధిపొంది, కొన్ని వారములకు తోకగల పురుగులై నీట బడును. కార్జపు జలగ పురుగులు, పొట్ట జలగ పురుగులు గడ్డిపరకలను, వరి దంట్లను పట్టుకొని, తోక విడిచి, గట్టి పొరలో ముడుచుకొని కూర్చుండును. ఆ గడ్డి తినిన పశువునకు రోగము పట్టును. కార్జపు జలగయైనచో ప్రేగును చీల్చుకొని, కార్జమును తొలుచుకొని, మూడు నాలుగు నెలలకు గ్రుడ్లు పెట్టుట కారంభించును. రక్తపు జలగ దారి వేరు. అది గడ్డిపై కూర్చుండదు. నీటిలో నిలచిన పశువు చర్మమునే తొలుచుకొని లోపల ప్రవేశించును. వరినాట్లు వేయు స్త్రీల కాళ్లకు కలుగు దురదలలో కొన్ని యీ పురుగు మనుష్య చర్మమును తొలువబోయి, లోపల బ్రదుకలేక చచ్చుటచే కలుగునవే.

మరియు నత్తలును ఒక్కటి కావు. మన దేశమున కార్జపు జలగను మోయునది లిమ్నియా యను పలుచని చిప్పగల నత్త. దాని నోరు చెవివలె వెడల్పుగ నుండును. నిలుకడగ నీరుండు చెరువులు, మెల్లగ పారు కాలువలు దానికి ప్రియము. పొట్ట జలగకును రక్తపు జలగకును ముఖ్యముగ ఇండోప్లానార్బిస్ అను నత్త ఆధారము. అది నెత్తిపై కడవ క్రింద పెట్టుకొను చుట్టకుదురువలె చపటగ చుట్టుకొని యుండును. చిన్న కుంటలలోను, పేడనీరు చేరు గుంటలలోను, వరిమళ్లలోను పెరుగును. కావున జలగ యేదో తెలిసిన ఏ నత్తను, ఏ నీటిని, ఏ మేతను అనుమానింపవలెనో తెలియును. అది తెలియనివాడు చీకటిలో కఱ్ఱ విసరినట్లే.

కన్ను మోసపోవు చోటు

“మన పశువైద్యులు ఇదివరకు కంటితో చూచి చెప్పుట లేదా? జన్యుపరీక్ష లేల?” అని కొంద రడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. పేడను నీటిలో కలిపి, వడగట్టి, అడుగున పేరుకొనిన మడ్డిని సూక్ష్మదర్శినిలో చూచిన గ్రుడ్లు కనబడును. కార్జపు జలగ గ్రుడ్డు పిత్తముచే బంగారు వన్నెతో నుండును. పొట్ట జలగ గ్రుడ్డు వన్నె లేక తేటగ నుండును. ఈ పరీక్ష చౌకయైనది, త్వరలో తేలునది. దీనిని విడువుమని నేను చెప్పుట లేదు. ఏ మందకైనను మొదట చేయవలసినది ఇదియే. కాని దీనికి హద్దులు కలవు. గ్రుడ్లు పెట్టుటకు ముందే పిల్ల జలగ పశువును చంపుచున్నప్పుడు పేడలో గ్రుడ్డు కనబడదు. పొట్ట జలగ పిల్లలచే పారుచున్న గొఱ్ఱె పేడను పరీక్షించి “ఏమియు లేదు” అని వ్రాసియిచ్చుటకు అవకాశము కలదు. అది పరీక్షించినవాని తప్పు కాదు. పరీక్షకు గల హద్దు.

కార్జపు జలగలోనే మరల రెండు జాతులు. చల్లని దేశములలో నుండునది హెపాటికా. 1758లో లిన్నేయసు పేరు పెట్టినది. వేడి దేశములలో నుండునది జైగాంటికా. ఒక జిరాఫీ కార్జమునుండి తీసిన జలగను చూచి 1855లో కాబోల్డు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు పేరు పెట్టినది. మొదటిది పొట్టిగ భుజములు గలిగి యుండును. రెండవది పొడవుగ నుండి 7 సెంటీమీటర్ల వరకు పెరుగును. పుస్తకమునందు ఈ భేదము స్పష్టముగనే కనబడును. కాని అదే జలగ గొఱ్ఱెలో ఒక కొలతగను, గేదెలో మరియొక కొలతగను పెరుగును. లేతది ముదురుదాని వలె నుండదు. పైగా జపాను, కొరియా మొదలగు తూర్పు దేశములలో రెండు జాతులకును నడుమనుండు జలగలు కనబడి, పండితులను చాల కాలము తికమకపరచినవి. జన్యుపరీక్ష వచ్చిన పిదపనే అవి రెండు జాతుల కలయికచే పుట్టిన సంకరములని తేలినది. వానిలో పెక్కు మగబీజము లేకయే సంతానమును పొందునవి యనియు తెలిసినది.

జన్యుపరీక్ష యనగా నేమి? ప్రతి జీవియొక్క కణములోను డి.ఎన్‌.ఏ. అను పదార్థము కలదు. అది నాలుగే అక్షరములతో వ్రాయబడిన దీర్ఘమైన దస్తావేజు వంటిది. తాత ముత్తాతలనుండి సంక్రమించిన ఆ వ్రాత శరీరపు కొలతవలె మేతనుబట్టి మారదు. 1983లో కనిపెట్టబడిన పి.సి.ఆర్‌. అను పద్ధతిచే ఆ దస్తావేజులో మనకు కావలసిన ఒక చిన్న భాగమునకు లక్షలకొలది నకళ్లు తీసి చదువవచ్చును. హెపాటికాకును జైగాంటికాకును ఆ భాగమున వ్రేళ్లమీద లెక్కింపదగిన కొలది అక్షరములే భేదము. కాని ఆ భేదము స్థిరమైనది. పట్టాలో సర్వే నంబరు చూచి భూమిని గుర్తించినట్లు ఆ అక్షరములను చూచి జాతిని గుర్తింతురు. ఎదిగిన జలగయే కావలెనను నియమము లేదు. గ్రుడ్డు, పిల్ల, తుదకు నత్త లోపలనున్న పురుగు సయితము చాలును. సంకరపు జలగ విషయమున మాత్రము ఒక్క భాగమే చదివిన చాలదు. రెండు మూడు భాగములు చదువవలెను.

మన దేశమునందే దీనికి దృష్టాంతము కలదు. షిల్లాంగులోని ఈశాన్య పర్వత విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఆ ప్రాంతపు పశువుల కార్జపు జలగలను ఈ విధముగ పరీక్షించి, అవి జైగాంటికా జాతివని 2008లో ప్రకటించిరి. అంతకు ముందటి కాలపు కథ యొకటి మనకు మరింత దగ్గరిది. మదరాసులో ఎం. అనంతనారాయణరావుగారు పశువుల ముక్కుగురకకు కారణమైన రక్తపు జలగను వేరు జాతిగ గుర్తించి 1933లో నేసాలే యని పేరు పెట్టిరి. అది వేరు జాతి కాదు, ప్రేగుల నాళములందుండు స్పిండేల్ జాతియే ముక్కునకు చేరినదని కొందరు వాదించిరి. కంటికి కనబడు పోలికలతో ఆ వాదము తెగుట కష్టమైనది. ఇటీవలి జన్యుపరిశోధనలలో రెండును వేరువేరు కొమ్మలుగనే కనబడినవి. ఆ కాలమున సూక్ష్మదర్శినితో ఆయన చూచినది సత్యమే. దానికి సాక్ష్యము పిదప దొరకినది.

రైతునకు ఇందేమి లాభము?

“ఎంత పరీక్షించినను మన కార్జపు జలగ జైగాంటికాయే అని తేలునుగదా, తెలిసినదానికి ఖర్చేల?” అను ఆక్షేపణ యన్నిటికన్న బలమైనది. కార్జపు జలగ విషయమున అట్లే తేలవచ్చును. అయినను మూడు లాభములు కలవు.

మొదటి లాభము మందు వృథా కాకుండుట. ఊరిలో ముఖ్యమైన పీడ కార్జపు జలగయా, పొట్ట జలగ పిల్లలా, రక్తపు జలగయా అని పిల్ల దశలోనే తేల్చుకొనినచో ఏ మందునకు సొమ్ము పెట్టవలెనో తెలియును. రెండవది నీటిని గుర్తించుట. పది కుంటలు గల యూరిలో ఏ కుంట నత్తలలో జలగ పిల్ల యున్నదో పరీక్షించి చెప్పవచ్చును. అప్పుడు పది కుంటలకును భయపడనక్కరలేదు. రెంటికి కంచె వేసి మిగిలినవానిలో నిశ్చింతగ మేపుకొనవచ్చును. మేత కొఱతగానుండు నేటి దినములలో ఇది చిన్న లాభము కాదు.

మూడవది క్రొత్తగ వచ్చు పశువుల సంగతి. మన రైతులు పాలకొఱకు హర్యానా, పంజాబు వైపులనుండి ముఱ్ఱా గేదెలను కొని తెచ్చుచున్నారు. 2017లో ఆరంభమైన గొఱ్ఱెల పంపిణీలో ఇరువది గొఱ్ఱెలు, ఒక పొట్టేలు చొప్పున గొల్ల కురుమలకు అందినప్పుడు వానిలో పెక్కు ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర మొదలగు పొరుగు రాష్ట్రములనుండి వచ్చినవే. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు రెండేండ్ల కొకసారి కూడు మన గొల్ల సోదరులకు మందలు ఎంతెంత దూరము తిరుగునో వేరుగ చెప్పనక్కరలేదు. పశువుతో దాని జలగయు ప్రయాణము చేయును. తల్లివైపునుండి మాత్రమే వచ్చు మైటోకాండ్రియా అను జన్యుభాగమును చదివినచో ఆ జలగ మన చెరువులో పాతుకొనినదా, బేరముతోపాటు క్రొత్తగ వచ్చినదా అని ఊహింపవచ్చును.

ఇది యేల ముఖ్యమన, మందునకు లొంగని జలగలు లోకమున బయలుదేరినవి. ట్రైక్లాబెండజోల్‌కు లొంగని హెపాటికా జలగలను గూర్చి ఆస్ట్రేలియానుండి 1995లో తొలి వార్త వెలువడినది; తరువాత ఐరోపాలోను, దక్షిణ అమెరికాలోను అట్టివి కనబడినవి. పదే పదే ఒక్క మందునే, అరకొర మోతాదులలో పోయుటయే దీనికి ముఖ్య కారణము. గేదె బరువును కంటితో అంచనా వేసి, మిగిలిన మందును దూడకు సర్దు అలవాటు మనలోను కలదు. మందునకు లొంగని జాతి ఒక్కమారు చెరువును పట్టినచో దానిని వెడలగొట్టు మార్గము మిక్కిలి కష్టము.

ఖర్చు ఎవరిది?

ఇక ఖర్చు సంగతి. రెండు గేదెల రైతు తన పేడను ప్రయోగశాలకు పంపి జన్యుపరీక్ష చేయించుకొమ్మనుట హాస్యాస్పదము. సర్కారే అంతయు చేయవలెననుట మరియొక అతిశయము; సర్కారు చేయదగినది అడిగి చేయించుకొందము గాని, అది వచ్చువరకు చేతులు ముడిచి కూర్చుండుట మన పని కాదు. ఈ రెంటికిని నడుమనున్నదే సహకార సంఘము.

లోకమున రైతుల సంఘములే యిట్టి పనులకు ముందడుగు వేసినవి. 1879-80 శీతకాలమున ఇంగ్లండులో కార్జపు జలగచే సుమారు 30 లక్షల గొఱ్ఱెలు నశించెను. అప్పుడు రైతులు భూస్వాములు చేరిన రాయల్ అగ్రికల్చరల్ సొసైటీ ధనసహాయము చేయగా, ఆక్స్‌ఫర్డులో థామస్ అను యువకుడు నత్తలను పట్టి శోధించి, జలగ జీవిత రహస్యమును 1883 నాటికి పూర్తిగ వెల్లడించెను. అదే కాలమున జర్మనీలో లాయికార్టు పండితుడును వేరుగ అదే సత్యమును కనుగొనెను. డెన్మార్కు దేశమున వేయెన్ అను గ్రామమందు 1895లో పాడి రైతులు చేరి, ఇంటింటికి తిరిగి పాలను తూచి వెన్నను పరీక్షించు మనిషిని ఉమ్మడి ఖర్చుతో నియమించుకొనిరి. ఒక్కనికి సాధ్యము కాని పరీక్ష పదుగురికి సులభమైనది. ఆ పద్ధతి పిదప దేశదేశములకు ప్రాకినది. మనము చేయవలసినదియు అట్టిదే.

మన సంఘములు పశువులు కొనుటకు అప్పిప్పించుచున్నవి. వాయిదాలు వసూలు చేయుచున్నవి. అప్పుతో కొనిన గేదెను జలగ లోపల తినుచుండగా, రైతు పాలు లేక వాయిదా తప్పుచుండగా, సంఘము నోటీసు మాత్రము పంపుట న్యాయమా? అప్పునకు హామీ గేదె కాదు, గేదె ఆరోగ్యము. దాని కొఱకు పెట్టు నాలుగు రూకలు దానము కాదు. సంఘము తన మూలధనమును కాపాడుకొనుట.

చేయవలసిన పని

నా సూచనలు స్వల్పమైనవి. ఒకటి, ప్రతి సంఘమును ఏటేట రెండు మారులు, వానలకు ముందొకమారు, వానలు వెనుకబట్టిన పిదప నొకమారు, సభ్యుల మందలనుండి కొన్ని పేడ మాదిరులను పశువుల ఆసుపత్రిలో పరీక్షింపజేయవలెను. ఊరంతటి పశువులకును అక్కరలేదు. ఒక్కొక్క చెరువు క్రింద మేయు మందనుండి కొన్ని చాలును.

రెండు, మాంసపు దుకాణములవారితో మాట్లాడి, చెడిపోయిన కార్జమునుండి, పొట్టనుండి దొరకిన జలగలను భద్రపరపించవలెను. వానిని మంచినీట కడిగి స్పిరిటులో వేయవలెను. ఫార్మలినులో వేయరాదు, అందు వేసినచో ఆకారము నిలుచును గాని జన్యువుల వ్రాత చెడిపోవును. ఒక పశువు జలగలను వేరొక పశువు జలగలతో కలుపరాదు. పశువు రకము, ఊరు, మేసిన చెరువు, తేది, ఇదివరకు పోసిన మందు, కొనివచ్చినదా యింట పుట్టినదా యను సంగతులను చీటిపై పెన్సిలుతో వ్రాసి సీసాలోనే వేయవలెను. సిరాతో వ్రాసిన స్పిరిటులో కరగిపోవును.

మూడు, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంఘములు వేరువేరుగ గాక కలిసి, సంవత్సరమున కొకమారు ఈ సీసాలను హైదరాబాదు రాజేంద్రనగరములోని పశువైద్య కళాశాలకు చేర్చి, జాతి నిర్ణయము చేసిపెట్టుమని కోరవలెను. అచట పరాన్నజీవి శాస్త్రశాఖ కలదు. వ్రాతపూర్వకముగ పది సంఘములు కలిసి యడిగినచో ఆ కోరిక బరువే వేరు. ఫలితమును ఆఫీసు బీరువాలో పెట్టక ఈ పత్రికలోనే ప్రకటింపవలెను.

నాలుగు, మందు పోసిన మూడు వారములకు అదే పశువుల పేడను మరల పరీక్షింపవలెను. గ్రుడ్లు పోయినచో మందు పనిచేసినది. పోనిచో మోతాదు తక్కువైనదో, మందు చెడినదో, జలగ లొంగనిదో విచారింపవలెను. మందు పోసి వెనుదిరిగి చూడకుండుట విత్తనము చల్లి మొలక చూడకుండుట వంటిది. పాలిచ్చు పశువుల విషయమున ఏ మందైనను డాక్టరు చెప్పినట్లు, ఆయన చెప్పినన్ని దినములు పాలు విడిచిపెట్టి వాడుకొనవలెను.

ఇంటి పట్టున చేయవలసినవి వీనికన్న సులభములు. ఇండోనేషియా దేశపు వరిపొలములలో జరిగిన పరిశోధనలలో, పశువుల దొడ్డి నీరు చేరు మళ్లలోనే రోగపు నత్తలు హెచ్చుగ నుండుననియు, జలగ పురుగులు వరిదంటు అడుగు భాగమునే పట్టుకొనుననియు తెలిసినది. కావున దొడ్డి ప్రక్క మడిలోని గడ్డిని పచ్చిగ వేయక, పైభాగము కోసి వేయుడు. క్రింది భాగమును మూడు దినములు తిరుగవేయుచు ఎండలో బాగుగ ఎండబెట్టిన పిదప వేయుడు. పచ్చిపేడను నేరుగ మళ్లకు తోలక, గుంటలో మాగనిచ్చి తోలుడు. చెరువు శిఖములో తడి ఆరని అంచున గొఱ్ఱెలను మేపకుడు. త్రాగునీటికి తొట్టి కట్టుడు.

మా తాతలు పరీక్షలు చేయించిరా యని అడుగువారికి ఒక్క మాట. తాతల కాలమున మన మందలు మెట్ట బీళ్లలో తిరిగినవి. వానలు పోగానే కుంటలు ఎండినవి, నత్తలు మట్టిలో మణగినవి. నేడు మన పశువులు సంవత్సరములో పెక్కు నెలలు తడి నేలపైననే మేయుచున్నవి. నేల మారినది, మేత మారినది, పశువు కొనితెచ్చు దూరము మారినది. వైద్యము మాత్రము తాతలనాటి గొట్టము, అంగడివాడు చెప్పిన సీసాగ నుండుట తగదు.

జన్యుపరీక్ష మందు కాదు. అది చేతిలోని దీపము. పశువును బ్రదికించునది సరియైన మందు, ఎండిన మేత, మంచినీరు. దీప ముండగా చీకటిలో వెదకుట యేల? ఈ నెల జరుగు మహాజనసభలలో సభ్యు లీ విషయమును చర్చించి, కార్యవర్గమునుండి ఒక తీర్మానమును రాబట్టుదురని నా మనవి. తీర్మానము చేసిన సంఘములవారు సీసాలు, చీటీలు సిద్ధపరచుకొనుట, జలగలను సేకరించుట మొదలగు పనులలో నా సహాయము కోరినచో సంతోషముతో వచ్చి చేసెదను.

— ఒక వ్యవసాయ ప్రదర్శకుడు